కూరగాయల చేతులు

శంకరప్ప మీద గంగాదేవికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తాగడు, పేకాడడు, ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. ధర్మవరంలో ఆ వీధి నేతగాళ్ళలో ఎవరిని అడిగినా నెమ్మదస్తుడనే చెబుతారు. అట్లాంటి మనిషి బీరకాయను చూస్తే మాత్రం, తాతల నాటి పొలాన్ని దొంగ రిజిస్ట్రేషన్ చేయించుకున్న దాయాదిని చూసినట్టు చూస్తాడు. సొరకాయ జబ్బు మనుషుల తిండి అంటాడు. బెండకాయ జిగురు, కాకరకాయ చేదు, గోరుచిక్కుడు అని పుస్తకాల్లో రాసే మటిక్కాయ వట్టి గడ్డి. వంకాయ ఒక్కటి తింటాడు, అదీ చెనిగ్గింజల పొడి, అంటే వేరుశెనగ పొడి, కూరి, నూనెలో ముంచి, అది వంకాయ అని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేని స్థితికి తెచ్చిన తర్వాత.

ఆ బీరకాయ దాయాదినే ఇప్పుడు గంగాదేవి పెరట్లో, స్నానాల గది గోడ పక్కన కత్తిపీట వేసుకుని చెక్కు తీస్తోంది. గట్టి మనిషి, పొట్టి మనిషి. కుడిచేతి చూపుడువేలు కొన మీద అడ్డంగా కాయలు కాచిన గీతలు, ఆ గీతల్లో ఎంత రుద్దినా పోని నలుపు. గోళ్ళ కింద వంకాయ కర. బొటనవేలు కత్తి వైపు కొంచెం వంగి అట్లాగే నిలిచిపోయింది. బీరకాయ ఈనెలను కత్తికి ఆనించి లాగుతుంటే పచ్చని పేలికలు ఒడిలో పడుతున్నాయి. ప్రతి కాయనూ కొన దగ్గర చిన్న ముక్క కొరికి చూస్తోంది, చేదు కాయ ఒకటి పడితే కూరంతా పోతుంది కాబట్టి. ఎట్లాగూ పోయే కూరే అయినా ఆ జాగ్రత్త మాత్రం మానలేదు.

ఇంట్లో మిగతా వాళ్ళూ శంకరప్పకు తీసిపోరు. కొడుకు సాయిప్రసాద్ హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీకి పొద్దున రైలుకు పోయి దీపాలు పెట్టాక వస్తాడు. బాక్సులో ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, కాక ఇంకేది పెట్టినా అది హిందూపురం చూసి వచ్చిన చుట్టంలాగా క్షేమంగా తిరిగి వస్తుంది. కోడలు వాణికి వంకాయ నంజు, సొరకాయ చలవ, గుమ్మడికాయ వేడి. ఆమె ఒంటికి సరిపడే కూరగాయ భూమ్మీద ఇంకా మొలవలేదు. మనవరాలు ఐశ్వర్య పప్పులోంచి కరివేపాకును కూడా ఏరి కంచం అంచున వరుసగా పేరుస్తుంది, పోలీసులు పట్టుకున్న సరుకును ఫొటోకు పెట్టినట్టు.

అందుకని గంగాదేవి చేసేది వంట కాదు, దొంగరవాణా. సొరకాయ తురుము దోసెపిండిలో దాక్కుంటుంది. మునగాకు సంగటిలో కలిసిపోతుంది. బీట్‌రూట్ చపాతీలో చేరి, ఇది రంగు వేసిన పిండి అని అబద్ధం చెప్పుకుని గడప దాటుతుంది. దొరికిపోయిన రోజులే ఎక్కువ.

ఈ పని ఆమె ఎంచుకున్నది కాదు. సోమందేపల్లి దగ్గర మెట్టచేన్ల ఇంటి పిల్ల. వాన పడని ఏళ్ళలో గట్ల మీద ఆకు ఏరుకుని తిన్నారు, పడిన ఏళ్ళలో చెనిక్కాయలు పీకీ పీకీ వేళ్ళు గీరుకుపోయాయి. ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజే అత్త సత్యభామ కొత్తకోడలిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పచ్చి పట్టు పోగు ఒకటి తీసి ఆ వేళ్ళ మీదుగా మెల్లగా లాగింది. ఆ ఇంట్లో అది ఆనవాయితీ. పోగు జారితే రాట్నం దగ్గరికి, తగులుకుంటే పొయ్యి దగ్గరికి. గంగాదేవి చూపుడువేలు దగ్గర పోగు ఆగింది, పీచు లేచింది.

"ఇవి కూరగాయల చేతులు," అంది అత్త, కోపం లేకుండానే.

ఆ రోజు నుంచి పట్టు ముట్టే ఆడవాళ్ళు కత్తి ముట్టరు, కత్తి పట్టిన ఆడది పట్టు ముట్టదు. కూరలు కోసే కొద్దీ వేళ్ళు గరుకయ్యాయి, వేళ్ళు గరుకయ్యే కొద్దీ కూరలే మిగిలాయి. ఎన్నో పెళ్ళిచీరలు ఆ ఇంట్లో నేసి మడత పెట్టారు. ఒక్కదాని అంచు కూడా ఆమె చేత్తో తాకలేదు. అత్త పోయింది. వాణి వచ్చింది. వాణి వేళ్ళ మీద పోగు నూనె మీద నీళ్ళలాగా జారింది.

"అక్కా! మటిక్కాయలు లేతవి ఉండాయి. గోరు పెట్టి చూడు."

సందులో కుళ్ళాయప్ప బండి ఆగింది. గంగాదేవి చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. లేచేటప్పుడు ఎడమ భుజం లాగింది. రాత్రి పక్క మీద అటే పడుకుని ఉంటానని అనుకుంది.

"ఇయ్యప్పా. రేపట్నుంచి మాత్రం మా సందులోకి రావద్దు."

"ఏమక్కా, నా కాయల్లో ఏమన్నా తప్పు ఉండాదా?"

"నీ కాయల్లో కాదు. మా ఇంట్లో ఎలుక తీర్పు చెప్పింది."

కుళ్ళాయప్పకు ఎలుక సంగతి తెలుసు. వీధి మొత్తానికి తెలుసు. ఒక పెళ్ళివాళ్ళ చీర మగ్గం మీద సగానికి వచ్చాక ఎలుక దూరి నిలువు పోగుల పడుగు కొరికింది. తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే ముడి వేసుకుంటూ శంకరప్ప ఎట్లాగో చీర ముగించాడు కానీ, పట్టు ఇచ్చిన షావుకారు దాన్ని చూసి పక్కన పడేశాడు. ఇంటికి వచ్చిన శంకరప్ప వంటింట్లోకి పోయి కూరగాయల బుట్టను కాలితో పెరట్లోకి తోశాడు. ఈ బుట్టకే వచ్చింది ఎలుక, అన్నాడు. అప్పటినుంచి కత్తిపీట స్నానాల గది పక్కకు చేరింది. రేపు కొత్త పడుగు ఎక్కుతుంది. ఆ పొద్దునుంచి ఇంట్లోకి కాయ గానీ ఆకు గానీ రాకూడదు. పప్పు, గుడ్డు, పొడి చాలు. కూరలు లేకపోతే గంగాదేవికి పనేముంది? పెనుకొండలో కూతురు సుచిత్ర దగ్గర కొన్నాళ్ళు ఉండి రావాలని తీర్మానం అయింది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

"అన్న ఇప్పుడు బాగా తింటాండాడని నువ్వే చెప్తివి కదక్కా," అన్నాడు కుళ్ళాయప్ప. "బీరకాయ కూడా వదలడం లేదంటివి."

"తింటాండాడప్పా." ఆమె ముఖం మీద, ఆ రోజులో మొదటిసారిగా, చిన్న వెలుగు వచ్చింది. "అదే కదా నా బాధ. ఇప్పుడిప్పుడే దారికొచ్చినాడు."

అది నిజం. ఆమె జీవితంలో గెలుపు అని చెప్పుకోదగింది అదొక్కటే. శంకరప్పకు చక్కెర జబ్బు. మగ్గం కింద చెక్కలు తొక్కే పాదాలు తిమ్మిరెక్కడం మొదలయ్యాక డాక్టరు గట్టిగా చెప్పాడు: కూరగాయలు తినకపోతే ముందు వేళ్ళు పోతాయి, తర్వాత పాదం. కాళ్ళు లేని నేతగాడు ఎవరికి కావాలి? అప్పటినుంచి శంకరప్ప మోకాళ్ళు నొప్పి, లేవలేను అని మధ్యాహ్నం కూడు మగ్గం గుంతలోకే తెప్పించుకునేవాడు. గంగాదేవి కంచం అందించి పోయేది. అన్నం కంటే కూర ఎక్కువ పెట్టేది. కంచం ఖాళీగా తిరిగి వచ్చేది. మొదటిసారి ఖాళీ కంచం చూసిన రోజు ఆమె దాన్ని కడగకుండా కాసేపు గట్టు మీద పెట్టుకుంది. తర్వాత పక్కింటి ఎల్లమ్మకు చెప్పింది, కుళ్ళాయప్పకు చెప్పింది, గుడి దగ్గర పూలమ్మే మనిషికి కూడా, ఆమె అడగకపోయినా, చెప్పింది.

కుళ్ళాయప్ప మటిక్కాయలు తూచి, మీద ఇంకో పిడికెడు వేసి, బండి తోసుకుని పోయాడు.

బీరకాయ కూర దించేసరికి వాణి వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తా, గంగాధరన్న ఫోన్ చేసినాడు. షావుకారు గుంత చూసి రమ్మన్నాడంట. చూసినాకనే పడుగు ఇస్తారంట. ఇంక కాసేపటికి వస్తాడు. మామ చూస్తే ఫోన్ ఈడే పెట్టి మగ్గం అచ్చు బాగుచేయించను పాయె."

"గుంతలో ఎవరూ దిగొద్దు, నేనే శుభ్రం చేసుకుంటా అన్నాడు కదా మీ మామ?"

"అన్నాడు. యాడ చేసినాడు? నేను దిగుదామంటే సున్నం తగిలితే వేళ్ళు..." వాణి తన వేళ్ళ కొనలు చూసుకుంది.

"నువ్వొద్దులేమ్మా. మగ్గం మీద పోగు లేదు కదా ఈ పొద్దు. నా చేతులకు అడ్డం ఏముంది."

ఆ మాట అన్న తర్వాతే ఆమెకు తోచింది, ఇన్నేళ్ళలో ఆ గుంతలోకి దిగడం ఇదే మొదలని.

పడుగు లేని మగ్గం, ఎముకలు తేలిన పశువులాగా ఉంది. నేల మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసేంత లోతు గుంత. కింద తొక్కుడు చెక్కలు, వాటి వెనక చీకటి. గంగాదేవి చీర ఎగ్గట్టి, సున్నం నీళ్ళ బకెట్టు, చీపురు తీసుకుని దిగింది. లోపల చల్లగా, పాత చెమట వాసనగా ఉంది. ముందు భాగం ఊడ్చింది. చెక్కల వెనక మూలకు చీపురు దూరిస్తే ఏదో గలగలమంది.

ఎండుటాకులు అనుకుంది. చెయ్యి పెట్టి ఒక గుప్పెడు వెలుగులోకి తీసింది.

ఆకులు కావు. ధర్మవరం గాలికి తిండి కుళ్ళే లోపే ఎండిపోతుంది. అరచేతిలో ఉన్నవి ముడుచుకుపోయిన గుండ్రటి చక్రాలు, నడుమ గింజలు తీసిన గుంటలతో. కాకరకాయ. దీపావళికి ముందు, చేదు పోవడానికి మజ్జిగలో నానబెట్టి, ఎర్రగడ్డ కారం పట్టించి చేసింది. బెల్లం ముక్క కూడా వేసింది. ఇంకో గుప్పెడు తీసింది. నువ్వుల పొడి ఇంకా అంటుకునే ఉన్న బీరకాయ. తాళ్ళలాగా అయిపోయిన మటిక్కాయలు. కొరికిన పంటి గుర్తు ఒక్కదాని మీద లేదు. వాటి మీద దుమ్ము, దుమ్ములో ఎలుక పెంటికలు. నేల మీద, మడమతో మూలకు తోసిన గీతలు, ఒకదాని మీద ఒకటి.

గంగాదేవి శంకరప్ప కూర్చునే పలక మీద కూర్చుంది. కాళ్ళు వాటంతట అవే తొక్కుడు చెక్క మీద ఆనాయి. పైన ఖాళీ మగ్గంలో ఏదో కదిలి టక్కుమంది. ఇక్కడ కూర్చునే ఆయన, కంచం అందిస్తే, తలెత్తకుండా 'ఆడ పెట్టి పో' అనేవాడు. పని మీద ధ్యాస అనుకునేది. ఆమె వెనక్కి తిరిగి నాలుగడుగులు పోయేదాకా ఆగేవాడన్నమాట.

భుజంలో నొప్పి మెడ దాకా పాకింది. వంగి ఊడ్చినందుకు, అనుకుంది.

అంతలో ఆమెకు నవ్వు వచ్చింది. అంత బాధలోనూ, వద్దన్నా ఆగకుండా వచ్చింది. మధ్యాహ్నం ఆయన కంచంలో వేడి అన్నం పెట్టి, నెయ్యి వేసి, పక్కన ఇవి వడ్డిస్తే? ఏమే ఇవి అంటాడు. కొత్తరకం వడియాలు, తిను, అనాలి. వాణి చూస్తుంది. వాణి చూడాలి. ఆ బుట్టను కాలితో తోసిన రోజు వాణి కూడా చూసింది కదా. రేపు బస్సు ఎక్కే పని ఉండదు. కుళ్ళాయప్ప మళ్ళీ వస్తాడు. ఆమె కొంగు పరిచి గుప్పెడు గుప్పెడుగా అన్నీ అందులో పోసుకుంది, ఒక్క ముక్క వదలకుండా. మూలంతా సున్నం నీళ్ళు చల్లి గోడలకు పూసింది.

కొంగు బిగించి పట్టుకుని పైకి ఎక్కేసరికి వాకిట్లో బైకు ఆగింది. గంగాధర, షావుకారు మనిషి. దారిలో కలిశాడేమో, వెనక సీటు మీద శంకరప్ప.

శంకరప్ప బైకు దిగుతూనే గబగబా లోపలికి రాబోయాడు. కాళ్ళు సహకరించలేదు. గంగాధరే ముందు వచ్చాడు.

"నేనేం చేసేదన్నా," అంటున్నాడు. "ఎలుక ఎట్లొచ్చిందో తేలకపోతే పడుగు ఇయ్యొద్దన్నాడు షావుకారు. మగ్గం కాడ కూడు తింటే ఎవరికైనా సరే పని నిలిపేసేదే అంటాండాడు. మొన్న ఒకాయనకు అట్లనే నిలిపేసినారు. ఇప్పుడు పక్క సందులో పవర్లూమ్ కాడ ఊడుస్తాండాడు పాపం."

"మగ్గం కాడ ఎవరు తింటారప్పా," అన్నాడు శంకరప్ప. "మా ఆడది కూరగాయల బుట్ట ఇంట్లో పెట్టుకుండె. దానికి వచ్చె. ఆ పొద్దే బయట ఏసినా."

గంగాధర ఫోనులో టార్చి వేసి గుంత అంచున వంగాడు. శంకరప్ప పైకప్పు వాసాల వైపు చూస్తూ నిలబడ్డాడు, తూకం ముందు మేక నిలబడినట్టు. వెలుగు పలక మీద పడింది, చెక్కల మీద పడింది, వాటి వెనక మూలకు పోయి అక్కడే ఆగింది.

"ఏమన్నా ఇది! గుంత అద్దం మాదిరి ఉండాది."

శంకరప్ప తల దించాడు. తెల్లగా తడిగా ఉన్న మూల చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. మోచేతుల దాకా సున్నం, పిడికిట్లో బిగించిన కొంగు, ఆ కొంగు కింద బరువు.

"ఏం వదినా," అన్నాడు గంగాధర నవ్వుతూ, "బుట్ట నువ్వే పెట్టింటివా?"

మూలన వాణి రాట్నం ఆగింది. గంగాదేవి చెయ్యవలసిందల్లా పిడికిలి వదలడం. కొంగు జారితే అన్నీ నేల మీద గలగలా పడతాయి. ఆమె శంకరప్ప పాదాల వైపు చూసింది. ఎడమ కాలి చెప్పు ఎక్కడో జారిపోయింది, ఆయనకు తెలియలేదు. తెలిసేంత స్పర్శ ఆ కాలికి లేదు.

"అవునప్పా," అంది. "బుట్ట నాదే. రేపట్నుంచి ఉండదులే. నేనూ ఉండను."

"అదేంది, ఎలుక చేసిన పనికి నువ్వు ఊరిడిసి పోతావా?"

"ఎలుకను పంపియ్యలేం కదప్పా. బస్సెక్కదు."

గంగాధర పెద్దగా నవ్వాడు. సాయంత్రం పడుగు తెస్తానని చెప్పి పోయాడు.

ఆమె పెరట్లోకి పోయి కొంగు విప్పింది. వడియాల ఆలోచన ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. కరివేపాకు చెట్టు మొదట్లో మట్టి తీసి అన్నీ పూడ్చింది. ఆ ఇంట్లో పెట్టింది వద్దనకుండా తినేది అదొక్కటే.

గుంత తడిగా ఉంది కాబట్టి శంకరప్ప ఆ మధ్యాహ్నం వంటింట్లోనే కూర్చున్నాడు. ఆమె అన్నం పెట్టింది, బీరకాయ కూర పెట్టింది. ఆయన కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"తిను," అంది. "ఈడ గుంత లేదు."

ఆయన తల ఎత్తలేదు. కూర కలిపి ఒక ముద్ద మింగాడు. ఇంకొకటి మింగాడు, కళ్ళు మూసుకుని, పిల్లలు కషాయం మింగినట్టు. మూడో ముద్ద నోటిదాకా పోయి ఆగింది. వేళ్ళతో కూరను మెల్లగా కంచం అంచుకు తోశాడు.

"పడదే నాకు. నీకు తెలుసు కదా."

"తెలుసు."

"మరి ఎందుకు చేస్తావు?"

"నీ కాళ్ళకు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోతున్నాడని ఆమె చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడింది.

"రేపు బస్సు ఎప్పుడు?" అన్నాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టి మూత వేసింది. ఆయన చెయ్యి కడుక్కుని టీ అంగడి వైపు వెళ్ళిపోయాడు.

ఎండ వాలే వేళకు పెనుకొండ నుంచి సుచిత్ర ఫోను. "అమ్మా, వచ్చేటప్పుడు కూరగాయలు, ఆకులు మోసుకు రావద్దు. ఈడ ఎవరూ తినరు. ఆయనకు కార్ల ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాది. పిల్లోళ్ళు నూడుల్స్ తప్ప ముట్టరు. నువ్వు ఊరికే కూర్చో చాలు."

"సరేమ్మా," అంది గంగాదేవి. "ఊరికే కూర్చుంటా."

ఫోను పెట్టి మటిక్కాయలు ముందు వేసుకుంది. రెండు కొనలూ తుంచి, నార పొడుగునా లాగి, ముక్కలు చేసింది. రాత్రికి ఎవరూ తినరని తెలుసు. రేపటికి తాను ఉండనని తెలుసు. చేతులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అవి వాటి పని చేసుకుంటూ పోయాయి. ఉడికించి వార్చి, తిరగమోత పెట్టి, చెనిగ్గింజల పొడి, ఎండు కొబ్బరి వేసి కలిపి, మూత పెట్టి మంట తగ్గించింది. నుదుటి మీద చెమట పట్టింది. చలికాలంలో చెమట ఏందో అనుకుని కొంగుతో ఒత్తుకుంది. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

వాణి ముందుగదిలో రాట్నం తిప్పుతోంది, రేపటికి పట్టు చుట్టిన కండెలు కావాలి. కాసేపటికి వాసన మారింది.

"అత్తా, అడుగంటుతాండాది చూడు."

పట్టు పోగు చేతిలో ఉండగా మధ్యలో లేవకూడదు. వాణి ఆ కండె చుట్టడం ముగించింది.

"అత్తా, నిన్నే."

లేచి వచ్చింది. ముందు పొయ్యి ఆపింది. తర్వాత వెనక్కి తిరిగింది. గంగాదేవి గోడకు ఆనుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, పొయ్యి వైపే చూస్తున్నట్టు కూర్చుని ఉంది. చేతులు ఒడిలో వెల్లకిలా ఉన్నాయి. వాణి ఆ చేతిని పట్టుకుంది. గరుకు వేళ్ళు తన మెత్తని అరచేతికి గీరుకున్నాయి. మళ్ళీ పిలిచింది. తర్వాత పిలవలేదు.

చీకటి పడకముందే ఇంట్లోకి జనం వచ్చారు. సాయిప్రసాద్‌కు ఫోను పోయింది, రైల్లో ఉన్నాడు. ఐశ్వర్యను పక్కింటికి పంపారు. గంగాదేవిని ముందుగదిలో, మగ్గం పక్కన ఉన్న కాస్త చోటులో పడుకోబెట్టారు. శంకరప్ప గుంత అంచున కూర్చున్నాడు. ఏడవలేదు. ఎవరో మంచినీళ్ళు ఇస్తే తాగాడు. గంగాధర చంకలో గుడ్డ చుట్టిన కొత్త పడుగుతో వచ్చి, వాకిట్లో జనాన్ని చూసి, చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఎంత మంచిది," అంటోంది ఎల్లమ్మ ముక్కు చీదుతూ. "ఆ బుట్ట గొడవ మనసులో పెట్టుకుండె పాపం. నాతో ఒక్క మాట అనలేదు." ఆమె వీధిలో పెద్దది. చావు పడిన ఇంట్లో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆమెకే తెలుసు. కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పోయి, పొయ్యి మీది గిన్నెను గుడ్డతో పట్టుకుని పెరటి తలుపు వైపు నడిచింది.

"యాడికి దాన్ని?" అన్నాడు శంకరప్ప.

"ఏమప్పా, తెల్దా? పీనుగ లేచే ఇంట్లో వండింది ఉంచకూడదు. పారేసి వస్తా."

"పారేయొద్దు."

"అట్ల కాదు శంకరప్పా, ఆచారం..."

"పారేసింది చాలు ఎల్లమ్మా." గొంతు గదంతా వినిపించేంత పెద్దదైంది. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. గడప దగ్గర గంగాధర వైపు, వాడి చంకలోని పడుగు వైపు ఒకసారి చూశాడు. చూసి కూడా ఆగలేదు. "నేనే పారేసినా. అది కూర పెడితే గుంతలో ఏసి కాలితో మూలకు తోసినా, ఇన్ని నెలలు. తింటాండానని అది ఊరంతా చెప్పుకుండె. నేను ఇనుకుంటా కూర్చుంటి. ఎలుక దాని బుట్టకు రాలే. నేనేసిన కూటికి వచ్చె. పొద్దున అంతా ఎత్తి నన్ను కాపాడె. తప్పు నాది. దానిది కాదు. నాది."

వాణి ముఖం కొంగులో దాచుకుంది. గంగాధర పడుగు మూటను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని నేల వైపు చూశాడు.

ఎల్లమ్మకు పెరట్లోకి పోవాలో వెనక్కి రావాలో తోచలేదు. చేతులు కాలుతుంటే రెండడుగులు వెనక్కి వచ్చి, గిన్నెను రెండు గదుల నడుమ గడప మీద దించింది. అడుగు కొంచెం మాడిన మటిక్కాయ కూర, మూత చుట్టూ సన్నగా ఆవిరి పట్టి, ఇంకా వేడిగానే ఉంది.